నులిపురుగుల మందు

మా మామయ్య ఫిజీలోని లౌతోకా ఊళ్లో తెలుగు సంఘానికి పెద్ద. సభ పెట్టిన ప్రతిసారీ, మత్తెక్కించే యంగోనా వేరు రసం గిన్నె ఖాళీ అయ్యేదాకా, మన ఆచారాలు మరిచిపోకూడదని ఉపన్యాసం దంచేవాడు. హిందీలో. ఆ ఆచారాల్లో ఒకటి నేనే. మా నాన్న సొంత అక్క కొడుకునే పెళ్లాడాను. ఇక్కడ ఈ మాట బయటికి పొక్కితే, "మద్రాజీలు చెల్లెల్నే కట్టుకుంటారు" అని ఉత్తరాదివాళ్లు వెక్కిరిస్తారు. అందుకని మేనరికం మాకు ఇంట్లో గొప్ప, గేటు దాటితే గుట్టు.

బాబుకి ఏడాది నిండాక పొట్ట ఉబ్బడం మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, మొగుడూ పెళ్లాం చుట్టాలా అని. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"నై డాక్టర్, కోయీ రిస్తా నై!"

బావ కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తున్నాడు. బళ్లో పిల్లలకి నిజం చెప్పాలని నేర్పే టీచరమ్మని, నేనూ తలూపాను. చుట్టరికం లేదన్నాం కదా, నులిపురుగులే అయుంటాయని మందు రాశారు. ఏడాదిపాటు అదే మందు. మందు చూస్తే వాడు పళ్లు బిగబట్టేవాడు. నడక కూడా మానేశాడు.

రెండో కాన్పుకి నాకు మూడో నెల. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. అత్త "నై" అనబోతుంటే చెప్పేశాను, ఈవిడ మా నాన్నకి తోడబుట్టిన అక్క అని.

"ఇజ్జత్ తీసేసినావు గదే!" అంది అత్త.

బాబు చేతి మీంచి బియ్యపు గింజంత చర్మం తీసి ఆస్ట్రేలియా పంపారు. అక్కడ ఆ కణాల్ని బతికించి పెంచి, ఏ కొవ్వు వాటిలో కరక్కుండా పేరుకుంటోందో చూస్తారట. మామయ్య బెంగ వేరు.

"కవరు మీద ఇంటిపేరు రాయొద్దని చెప్పమ్మా. సిడ్నీలో మనోళ్లు చానామంది ఉండారు."

జవాబొచ్చింది. జబ్బుకి పేరుంది, మందు లేదు. కానీ ఏం వెతకాలో తెలిసింది కనుక, నా ఉమ్మనీటిలోని కణాల్నీ అలాగే పరీక్షించారు. కడుపులో బిడ్డకి ఆ జబ్బు లేదన్నారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

చెల్లెలు పుట్టిన నాలుగు నెలలకి బాబు పోయాడు. ముందే చెప్పినా దక్కేవాడు కాదని డాక్టరమ్మ ఓదార్చింది. నిజమే కావచ్చు. కానీ ఆ ఏడాదంతా వాడికి ఆ చేదు తప్పేది. ముక్కు మూసి నోట్లో పోసింది అత్త కాదు, నేను.