రేసు సైకిలూ, మా నాయన పరువూ

నలభై ఎనిమిదేళ్లు దాటిన మగవాడికి పిచ్చి పడితే అది రెండే రకాలని మా ఆవిడ అంటుంది. ఒకటి దేవుడి పిచ్చి, రెండోది ఇంటిస్థలాల పిచ్చి. నాది ఈ రెండింటిలో దేంట్లోనూ చేరలేదు. నాకు పాత సైకిళ్ల పిచ్చి పట్టింది.

దీనికంతా కారణం ఫోను. ఎక్కడో చలిదేశాల్లో గడ్డాలు పెంచిన మగవాళ్లు తుప్పు పట్టిన రేసు సైకిలు ఒకటి కొంటారు. దాన్ని ఏ ముక్కకా ముక్క విప్పి, రుద్ది, నూనె పెట్టి, మళ్లీ బిగించి, చివరికి దానిమీద చిరునవ్వుతో ఆఫీసుకు పోతారు. అన్నం తింటూ ఆ వీడియోలు చూసేవాణ్ణి. వాళ్ల ముఖాల్లోని ప్రశాంతత నాకూ కావాలనిపించింది. గుడియాత్తంలో మా ఇంటి నుంచి కే.వి.కుప్పంలో నా ఆఫీసుకు పదమూడు కిలోమీటర్లు. మోటారు సైకిలు మీద ఇరవై ఐదు నిమిషాల్లో పోతాను. ఇరవై ఐదు నిమిషాల్లో ఇన్నేళ్లుగా దొరకని ప్రశాంతత గంటసేపు పోతే దొరుకుతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

సైకిలు వేలూరులో ఒక పాత ఇనుము కొట్లో దొరికింది. వేలూరులో ఏ పాత వస్తువు కొన్నా దాన్ని ఒక విదేశీ డాక్టరు వదిలేసి పోయినట్టే చెబుతారు. కుర్చీ కొన్నా అంతే, గొడుగు కొన్నా అంతే. కొట్టాయన దాన్ని పాత కిటికీల వెనక నుంచి బయటికి లాగి, బండిని అరవంలో వండి అంటూ, "సీమ డాక్టరు తొక్కిన వండి సార్ ఇది. ఒక్క దినం వానలో తడవలా," అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే సీటు కింది గొట్టంలోంచి ఎర్రటి నీళ్లు కారాయి. ఇద్దరమూ చూశాం. ఇద్దరమూ చూడనట్టే ఊరుకున్నాం.

సన్నటి ఇనప చట్రం, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, చట్రం మీదే గేరు మార్చే చిన్న పిడి. టైర్లు లేవు. చెయిను ఉన్నా కదలదు. చవగ్గా ఇచ్చాడు. ఎందుకంత చవకో అడగలేదు. టమాటాలు దించి ఖాళీగా గుడియాత్తం తిరిగిపోతున్న వ్యానులో, ఖాళీ పెట్టెల మీద దాన్ని పడుకోబెట్టి, కింద పడకుండా దారంతా ఒక చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చాను.

మా నాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లు. చూపు ఇంకా బాగుంది, నా దురదృష్టం.

"ఎవురిదిరా ఇది?"

"నాదే నాయనా."

"మోటరు బండి ఏమాయ?"

"అదీ ఉండాది."

"మరి ఇదెందుకు?"

ఒంటికి మంచిదనీ, పెట్రోలు మిగులుతుందనీ, గాలి చెడిపోకుండా ఉంటుందనీ నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆఫీసులో ఏమన్నా చిక్కు వచ్చిందా?" అని అడిగాడు.

ఆయన సంగతి చెబితేగానీ ఆ ప్రశ్న అర్థం కాదు. మా నాయన ఇరవై ఏళ్లు గుడియాత్తం నేతగాళ్ల ఇళ్లలో లుంగీలు కొని, మూటలు కట్టి, సైకిలు మీద వేలూరు బజారుకు తీసుకుపోయి అమ్మాడు. ముప్పై కిలోమీటర్లు పోను, ముప్పై రాను. వెనక మూట ఆయనకన్నా ఎత్తుగా ఉండేది. ఎదురుగాలి కొడితే దిగి తోసుకుంటూ నడిచేవాడు. ఆ కష్టం మీదే ఒక చిన్న కొట్టు పెట్టాడు, ఒక మోపెడ్ కొన్నాడు. మోపెడ్ ఇంటికి వచ్చిన రోజే సైకిలును ఎవరికో ఊరికే ఇచ్చేశాడు. ఆ తర్వాత మా ఇంటి గడప దగ్గర సైకిలు నిలబడింది లేదు. నాకు ఉద్యోగం వచ్చి మోటారు సైకిలు కొన్నప్పుడు దానికి ఆయనే పసుపు కుంకుమ పెట్టి, అవసరం లేకపోయినా నన్ను మా వీధి చుట్టూ రెండుసార్లు తిప్పించాడు. కొందరికి పొలం ఆస్తి, కొందరికి బంగారం. మా ఇంట్లో సైకిలు లేకపోవడమే ఆస్తి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ తెచ్చాను. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

బాగుచేయడానికి బస్టాండు దగ్గర ఒక ముసలి మెకానిక్కు ఇచ్చాను. ఒకప్పుడు మా నాయన సైకిలు కూడా ఆయనే చూసేవాడు. నా సైకిలును ఒక చుట్టు తిరిగి చూసి, "ఇది రేసు వండి సార్. మీరు రేసుకు యాడికి పోతారు, కే.వి.కుప్పానికా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

సీటు గొట్టం చట్రంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంటే మూడు రోజులు కిరసనాయిలు పోసి నానబెట్టాడు. ఆ కొలత టైర్లు మా జిల్లాలో లేవు. ఫోనులో తెప్పిస్తే మొదటిసారి వచ్చినవి గోరంత పెద్దవి. రెండోసారి వచ్చినవి సరిపోయాయి. నాలుగు వారాలు సాయంత్రాలు నేను అక్కడే స్టూలు మీద కూర్చుని బేరింగు గుళ్లను గుడ్డతో తుడిచేవాణ్ణి. ఆ పనిలో నాకు నిజంగానే సంతోషం దొరికింది. ఆఫీసులో ఏడాది పొడవునా తుడిచిన ఫైలు ఒక్కటీ అలా మెరవలేదు.

చివరి రోజు పోయేసరికి మెకానిక్కు నా సైకిలుకు తన ప్రేమంతా ధారపోసి ఉన్నాడు. వెనక క్యారియరు, కింద స్టాండు, ముందు పెద్ద గంట. అన్నిటికన్నా ఘోరం, కిందికి వంగిన కొమ్ముల్ని పైకి తిప్పి బిగించాడు. "ఇట్లయితే నిటారుగా, గౌరవంగా కూచ్చోని తొక్కొచ్చు సార్. వంగి తొక్కేదానికి మీకేమి కర్మ?" అన్నాడు. నేను అక్కడ చిన్న గొడవే చేశాను. నాకు కావలసిన ప్రశాంతత అంతా ఆ వంపులోనే ఉందని ఆయనకు ఎలా చెప్పేది? హ్యాండిలు మళ్లీ కిందికి తిప్పించాను. స్టాండూ గంటా ఊడదీయించాను. క్యారియరును మాత్రం ఉండనిచ్చాను, ఎందుకంటే నా టిఫిను క్యారియరు మూడు గిన్నెలది. చలిదేశపు గడ్డంవాళ్లు మధ్యాహ్నం ఏం తింటారో ఏ వీడియోలోనూ చూపించరు.

మొదటి రోజు మా ఆవిడ హారతి ఇచ్చి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. కారుకైనా మోటారు సైకిలుకైనా నిమ్మకాయ పచ్చడైపోతుంది, బండి ముందుకు పోతుంది. వేలెడంత సన్నటి టైరు మాత్రం నిమ్మకాయ మీదికి ఎక్కి, అక్కడ కాస్త ఆలోచించి, పక్కకు జారింది. నేను ఎదురింటివాళ్ల ముగ్గులో పడ్డాను. వీధిలో ఉన్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. మా నాయన కూడా గడప దాకా వచ్చాడు. నన్ను చూశాడు, చుట్టూ చేరిన జనాన్ని చూశాడు, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇంతైనా ఆ పొద్దుటి ప్రయాణాల గురించి అబద్ధం చెప్పలేను. ఎండ ముదరకముందు కొబ్బరితోటల పక్కగా, చెయిను సన్నగా గుర్రుమంటుంటే, గేరు టక్కున పడుతుంటే, నలభై ఎనిమిదేళ్ల నా పొట్ట నన్ను వదిలేసి వెనక ఎక్కడో వస్తున్నట్టు ఉండేది. మొదటి వారం తెలిసినవాళ్లంతా ఆగి, "బండి రిపేరా?" అని అడిగారు. రెండో వారం అడగడం మానేశారు. ఆగకుండా, నన్ను చూడనట్టు పోయేవారు. అది మర్యాద అని నేను అనుకోలేదు, కానీ అది మర్యాదే. చితికిపోయినవాణ్ణి చూసినప్పుడు మావాళ్లు అలాగే తల తిప్పుకుంటారు.

ఒక ఆదివారం నేను చెయినుకు నూనె పెడుతుంటే మా నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"దాని మీద నించి దిగేదానికి నాకు ఇరవై ఏండ్లు పట్టింది రా. నువ్వు దుడ్లిచ్చి ఎక్కతా ఉండావు."

"ఇప్పుడు పెద్దపెద్దోళ్లంతా తొక్కతా ఉండారు నాయనా. డాక్టర్లు, కలెక్టర్లు."

"కలెక్టరు తొక్కితే కలెక్టరు తొక్కతా ఉండాడు అంటారు. నువ్వు తొక్కితే ఏమంటారు? బజార్లో నన్ను నిలేసి అడగతా ఉండారు. కొడుకు ఉద్యోగం పోయిందా, అప్పులేమన్నా చేసినాడా అని. నేనేం చెప్పేది?"

"నిజం చెప్పు. ఇష్టంతో తొక్కతా ఉండాడని."

"అది ఎవురు నమ్ముతారు రా?" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆ రోజు నాకు సిగ్గు వేసింది, కానీ సోమవారం పొద్దునకు ఆ సిగ్గు తగ్గిపోయింది. మళ్లీ సైకిలే తీశాను. ఆయన ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను గెలిచానని అనుకున్నాను.

అంతేకాదు, ఊరు కూడా మారింది. ఎవరూ ముఖం తిప్పుకోవడం లేదు. ఎదురింటామె గోడ మీద నుంచి కాకరకాయలు అందించింది. దారిలో టీ కొట్టు అతను నేను అడక్కుండానే చక్కెర లేని టీ ఇచ్చి, "మీరు చేసేదే కరెక్టు సార్," అన్నాడు. ఆఫీసులో అటెండరు లేచి నిలబడి, "మనసులో ఏం పెట్టుకోవద్దండి సార్, ధైర్యంగా ఉండండి," అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న ఊరే ఇప్పుడు నా దారిలోకి వస్తోందని లోపల్లోపల మురిసిపోయాను. చక్కెర లేని టీ కూడా అలవాటు చేసుకున్నాను. ఆరోగ్యస్పృహ ఇలాగే ఒక్కొక్కరికీ పాకుతుందని మా ఆవిడకు వివరించాను కూడా. ఆమె నా వైపు కాసేపు చూసి, చారు పొంగుతోందని లేచిపోయింది.

అప్పుడు ఒడుగత్తూరులో మా బంధువుల పెళ్లి వచ్చింది. మా నాయన మోటారు సైకిలు మీదే పోదామన్నాడు. సరేనన్నాను. భోజనాల దగ్గర ఎదురెదురు వరసల్లో కూర్చున్నాం. నా పక్కన అరక్కోణం నుంచి వచ్చిన మా మేనమామ, ఎదురు వరసలో మా నాయన. ఓళిగల పళ్లెం వచ్చింది, బొబ్బట్లను మావాళ్లు అలాగే అంటారు. వడ్డించే కుర్రాయన మామ ఆకులో రెండు వేసి, నెయ్యి పోసి, నన్ను దాటేసి నా అవతలాయనకు రెండు వేశాడు.

పిలిచాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, "నీకొద్దులే అన్నా. మీ నాయన ముందే చెప్పినాడు," అన్నాడు.

"ఏం చెప్పినాడు?"

మా మామ పెద్ద గొంతుతో అందుకున్నాడు. "దాచేదెందుకప్పా? షుగరు ఎవురికి లేదు ఇప్పుడు? నీకు మున్నూరు దాటిందంట గదా. డాక్టరు సైకిలు తొక్కకపోతే కాలు తీసేస్తానని బెదిరించినాడని మీ నాయన అందరికీ చెప్పి బాధపడతా ఉండాడు. మోటరు బండి వాకిట్లో పెట్టుకోని ఎండలో తొక్కతా ఉండావంటే ఊరికేనా?"

నా ఒళ్లు మండిపోయింది. నా రక్తంలో చక్కెర పోయిన నెలలోనే చూపించుకున్నాను, తొంభై ఐదు. నాకు లేని జబ్బు నాకు తప్ప మా బంధువులందరికీ, టీ కొట్టుకూ, ఎదురింటికీ, అటెండరుకూ తెలుసు. బహుశా మా ఆవిడకూ తెలుసు. నేను గౌరవం అనుకుని మురిసిందంతా పరామర్శ. లేచి నిలబడి, నాకు ఏ రోగమూ లేదు, నేను సరదా కోసం తొక్కుతున్నాను అని పందిరంతా వినేలా చెప్పాలని నోరు తెరిచాను.

ఎదురుగా మా నాయన తినడం ఆపేశాడు. వేళ్లు అన్నంలోనే ఉన్నాయి. తల వంచుకుని ఆకు వైపే చూస్తున్నాడు. లుంగీల మూట మోసిన రోజుల్లో కూడా ఆయన తల వంచుకోవడం నేను చూడలేదు.

ఆయన లెక్క అప్పుడు అర్థమైంది. మావాళ్లలో షుగరంటే డబ్బున్నవాళ్ల జబ్బు. అది వచ్చిందంటే వాడు నెయ్యి తిన్నాడని, కుర్చీలో కూర్చుని సంపాదించాడని. ఊరికే సైకిలు తొక్కేవాడు దిగజారినవాడు. షుగరు వచ్చి సైకిలు తొక్కేవాడు మాత్రం నిలదొక్కుకున్నవాడే. సరదా అంటే ఎవరూ నమ్మరు కాబట్టి, నా సైకిలును నాకు ఉంచి, తన పరువును తనకు ఉంచుకునే దారి ఆయనకు అదొక్కటే కనిపించింది.

"మున్నూరు కాదు మామా," అన్నాను, ఎదురు వరసకు కూడా వినపడేలా. "మున్నూటా యాభై. సైకిలు తొక్కబట్టి ఈమాత్రం ఉండాను."

మామ అయ్యో అన్నాడు. పక్క వరసలో ఇద్దరు ముగ్గురు నాలుక చప్పరించారు. మా నాయన తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని వడ్డించే ఆయన్ని పిలిచాడు.

"వానికి ఒకటి పెట్టప్పా. పెండ్లి దినం ఒక్కటి తింటే ఏం కాదు."

"ఒకటి వద్దు బావా, మున్నూటా యాభై అంటా ఉండాడు. సగం చాలు," అన్నాడు మామ.

వడ్డించే ఆయన ఓళిగను మధ్యకు తుంచి నా ఆకులో సగం వేశాడు. మిగిలిన సగం చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"అది ఇట్ల తే," అని మా నాయన తన ఆకు చూపించాడు.