స్కానింగ్ గది ముందు పసుపు కొమ్ము

అది 2023, వినాయక చవితి రోజులు. అబిడ్స్ పెద్ద రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మా స్కానింగ్ సెంటర్. నేను మెదక్‌లో నర్సింగ్ చదివి, సికింద్రాబాద్ ఆసుపత్రుల్లో చాలాకాలం పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇక్కడికి వచ్చి ఎం.ఆర్.ఐ. గది బయట కుర్చీ వేసుకున్నాను. రోజూ నాంపల్లిలో దిగి నడిచి వస్తాను. నా ఉద్యోగం ఏమిటంటే, లోపలికి వెళ్లే మనిషి ఒంటి మీద లోహం ముక్క లేకుండా చూడటం. వినేవాళ్లకు ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

ఎం.ఆర్.ఐ. మిషన్ అంటే పెద్ద అయస్కాంతం. ఫ్యాన్‌లాగా స్విచ్ నొక్కితే ఆగేది కాదు, రోగి ఉన్నా లేకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. ఒక పిన్నీసు లోపలికి పోయినా తుపాకి గుండులా ఎగిరి వెళ్లి అతుక్కుంటుంది. మధ్యలో ఎవరి కన్ను ఉంటే వాళ్ల పని అంతే. బంగారాన్ని అయస్కాంతం లాగదు గానీ, ఫొటో తీసే చోట అది ఉంటే ఫొటో పాడవుతుంది. అందుకే ఏదైనా సరే, బయటే తీయాలి.

ఇన్నేళ్లూ నేను నోటితో అడిగి, కళ్లతో చూసి పంపేదాన్ని. ఆ నెలలో మేనేజ్‌మెంట్ వాళ్లు చేతిలో పట్టుకునే కొత్త మెటల్ డిటెక్టర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. నాకు ఒళ్లు మండింది. నా కళ్ల మీద నమ్మకం పోయిందా వీళ్లకు అనుకున్నాను. పైగా అది మొదటి వారం నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. రోగి దగ్గర మోగేది కాదు, నా కుర్చీ దగ్గర మోగేది. జాకెట్టు హుక్కుకు మోగేది, జేబులో తాళాలకు మోగేది కాదు. మా రేడియోగ్రాఫర్ అన్వర్ భాయ్, అంటే మిషన్ నడిపి ఫొటోలు తీసే ఆయన, గాజు కిటికీ అవతలి నుంచి ఒకటే నవ్వు.

"సిస్టర్, జర మెల్లగ! ఇల్లు ఊడుస్తున్నరా ఏంది?"

ఆ నవ్వే నాకు నేర్పింది. డిటెక్టర్‌ను ఒంటికి రెండు వేళ్ల దూరంలో పట్టుకోవాలి. తల నుంచి పాదాల దాకా, దువ్వెనతో చిక్కు తీస్తున్నంత నిదానంగా జరపాలి. రోగి ఇనుప స్ట్రెచర్ మీద ఉంటే మనిషంతా మోగుతాడు కాబట్టి, ముందు ఇనుము లేని మా ట్రాలీ మీదికి మార్చాలి. ఇంకొకటి కూడా తెలుసుకున్నాను. దానికి బంగారమైనా ఇనుమైనా ఒకటే కూత. అదేమిటో, ఆ మనిషి దాన్ని ఎందుకు పెట్టుకుందో చెప్పదు. అది అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

ఆడవాళ్ల దగ్గర అసలు తంటా పుస్తెల తాడుతో వస్తుంది. తీయమంటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అందుకని అఫ్జల్‌గంజ్‌లో కొన్న పసుపు కొమ్ములు, పసుపు పూసిన నూలు దారం నా సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. ముందు దారానికి పసుపు కొమ్ము కట్టి మెడలో వేస్తాం, ఆ తరవాతే పుస్తెలు తీస్తాం. మేం చర్చి వాళ్లం. మా పాస్టరమ్మ చూస్తే ఏమనేదో గానీ, ఆ దారం నేను ఎంతమంది మెడలో కట్టానో నాకే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం అంబులెన్స్‌లో సుజాత అనే ఆమెను తెచ్చారు. నాంపల్లి స్టేషన్ వెనక బస్తీ వాళ్లు. ముందురోజు సాయంత్రం భార్యాభర్తలు ఖైరతాబాద్ గణపతిని చూసి బండి మీద తిరిగి వస్తుంటే యాక్సిడెంట్ అయింది. భర్తను ఒక ఆసుపత్రికి, ఈమెను ఇంకో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఈమె మెడకు కాలర్ వేసి ఉంది. చేతివేళ్లు మొద్దుబారుతున్నాయి. మెడ ఎముకల మధ్య నరాల మీద ఒత్తిడి ఎంత ఉందో స్కాన్‌లో చూస్తే తప్ప ఆపరేషన్ చేయలేమని డాక్టరు తొందర చేస్తున్నాడు. ఆలస్యమైతే చేతులు శాశ్వతంగా పోవచ్చు. ఆమె వెంట అత్తగారు బాలమణమ్మ, మరిది శ్రీను వచ్చారు.

"ఒంటి మీద ఏమన్నా ఉన్నాయామ్మా?" అని అడిగాను.

"ఏం లెవ్వు సిస్టర్. అన్నీ తీసిన్రు" అంది సుజాత.

ట్రాలీ మార్చి డిటెక్టర్ జరిపాను. గొంతు దగ్గరికి రాగానే కూసింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ కూసింది. కాలర్ అంచు కొంచెం ఎత్తి చూస్తే, లోపల కుక్కిన పుస్తెల తాడు, దానికి రెండు పిన్నీసులు. అవి ఇనుపవి. డిటెక్టర్ లేకపోతే ఆ రోజు నేను ఆమెను అలాగే లోపలికి పంపేదాన్నేమో. నా కళ్ల గొప్ప అంతటితో దిగిపోయింది.

"ఇది తీయాలమ్మా."

"తియ్య. ఆయన ఐసీయూల ఉన్నడు. గిట్లాంటప్పుడు దీన్ని తీస్తనా? సచ్చినా తియ్య సిస్టర్." మరిదిని పిలిచింది. "శ్రీనూ, మీ అన్నకు ఫోన్ కలుపు. ఆయన తియ్యమంటే తీస్త."

"ఐసీయూలకు ఫోన్ పోనియ్యరు వదినా" అన్నాడు అతను గోడ వైపు చూస్తూ. ఆ చూపు నాకు నచ్చలేదు. బయటికి రమ్మని సైగ చేశాను.

కారిడార్‌లోకి రాగానే అతను గోడకు ఆనుకుని జారిపోయాడు. "పొద్దుగాల్నే పోయిండు సిస్టర్ మా అన్న. పోస్ట్‌మార్టమ్‌కు తీస్కపోయిన్రు. వదినకు చెప్పలే. ఆపరేషన్ అయ్యేదాక చెప్పొద్దని డాక్టర్లు అన్నరు. అమ్మకు ఎర్కే. కొడుకు కాడికి పోదామంటే, ఒద్దు, నా కోడలు ఒక్కతే ఉంటదని గీడికొచ్చింది." ముక్కు తుడుచుకుని, "అన్న తియ్యమన్నడని నేనే చెప్తా, తియ్యున్రి" అన్నాడు.

చచ్చిపోయిన మనిషి నోట మాట పెట్టడానికి నాకు మనసొప్పలేదు. పసుపు కొమ్ము ఉంది కదా, దానితో ఒప్పిద్దాం అన్నాను. అన్నానే గానీ, సొరుగులోంచి దారం తీసి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎవరి పేరు మీద కడుతున్నాను దీన్ని? లేని మనిషి పేరు మీద. ఆ మాట ఆమెకు తెలియదు, నాకు తెలుసు. దేవుడా, ఏం పని పెట్టావు నాకు అనుకున్నాను.

సుజాత దారం చూసి కొంచెం మెత్తబడింది. "ముందు గిది కట్టి, తర్వాత గది తియ్యున్రి. ఒక్క గడియ గూడ మెడ బోడిగ ఉండొద్దు" అంది. నా నుదుటి మీద బొట్టు లేకపోవడం చూసి, "మీ ఆయన మంచిగున్నడా సిస్టర్?" అని అడిగింది.

"ఉన్నాడమ్మా, గుండ్రాయిలా ఉన్నాడు. మేం చర్చి వాళ్లం, అందుకే బొట్టు లేదు."

"గట్లయితే మీరే కట్టున్రి."

అన్వర్ భాయ్ ఆమె తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను కాలర్ కింది నుంచి దారం జరిపి, రెండు కొసలు ముందుకు తెచ్చి ముడి వేయబోతున్నాను. అంతవరకూ మూలన నిలబడి ఉన్న బాలమణమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వొద్దు బిడ్డా. నువ్వు జరుగు. నేను కడ్తా."

ఆమె భర్త పోయి చాలాకాలమైందని ఆ బోసి నుదురు, ఉత్త చేతులు చూస్తేనే తెలుస్తోంది. నేను ఏదో అనేలోపే దారం కొసలు ఆమె చేతిలో ఉన్నాయి. కాలర్ వల్ల సుజాత తల తిప్పలేక, కప్పు వైపే చూస్తూ ఉంది. ఆ చూపులోకి అత్తగారి ముఖం వంగింది.

"అత్తమ్మా, నువ్వు కడ్తున్నవా?"

బాలమణమ్మ దారం కొసలు రెండూ సమానం చేసుకుంది.

"బోనాల నాడు పసుపు గిన్నె జర అందియ్యమంటేనే, నేను ముట్టొద్దు బిడ్డా అని దూరం జరుగుతవు. నా పెండ్లి నాడు గూడ అర్రలకెల్లి బయటికి రాలే నువ్వు. ఇయ్యాల నీ చేతుల్తోటి నా మెడల కడ్తున్నవేంది?"

ముడి వేస్తున్న వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"పోయిండా అత్తమ్మా?"

శ్రీను తలుపు దగ్గర నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దావిడ ముడి పూర్తిగా బిగించి, కోడలి చెంప మీద చెయ్యి పెట్టింది.

"పోయిండు బిడ్డా. పొద్దుగాల పోయిండు. కొడుకు పోయిండు, నువ్వన్న ఉండాలె నాకు. లోపలికి పో."

"మరి గిదెందుకు కట్టినవ్?"

"నువ్వు అడిగినవ్ గద."

సుజాత కళ్లు మూసుకుంది. "తియ్యున్రి సిస్టర్" అంది. నేను కొక్కెం విప్పి పుస్తెల తాడు తీశాను. కావాలంటే కాసేపు ఆగుదాం అన్నాను. వద్దంది. డిటెక్టర్ మళ్లీ తల నుంచి పాదాల దాకా జరిపాను. ఎక్కడా మోగలేదు. రోజూ అందరికీ చెప్పే మాటే ఆమెకూ అలవాటుగా చెప్పాను: "కదలొద్దమ్మా. కదిలితే ఫొటో పాడవుతుంది, మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వస్తుంది."

లోపల మిషన్ దబదబ మోగుతోంది. బయట బెంచీ మీద పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగేశాను. "పెద్దమ్మా, నేనే కట్టి ఉంటే ఆమెకు తెలిసేది కాదు కదా. నన్నెందుకు ఆపారు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "నీ మొగుడు ఉన్నడంటివి గద బిడ్డా. పోయినోని పేరు మీద కట్టే దారం నీ చేత ఎట్ల కట్టిస్త? నాకైతే ఇంక పోయేదేమున్నది?"

నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కానీ కొడుకు శవం ఇంకా ఇంటికి రాని పూట, ముక్కూ మొహం తెలియని నర్సు మొగుడి గురించి ఆలోచించిందే ఆ తల్లి! కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆమే నా వీపు నిమిరింది.

స్కాన్ అయ్యాక అన్వర్ భాయ్ బయటికి వచ్చాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్క ఫొటో గూడ ఖరాబ్ కాలే సిస్టర్. ఎట్ల పన్నదో ఏమో" అన్నాడు. ట్రాలీ లాగితే సుజాత రెండు చెవుల్లోనూ కన్నీళ్లు నిండి ఉన్నాయి. ముఖం మాత్రం కదలలేదు.

"అయిపోయిందా సిస్టర్?"

"అయిపోయిందమ్మా."

"ఇంక ఏడ్వొచ్చా?"

బాలమణమ్మ వచ్చి కోడలి నుదుటి మీద నుదురు ఆనించింది. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. మెడ కదలకుండా అన్వర్ భాయ్ పట్టుకునే ఉన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగిందనీ, చేతులు దక్కాయనీ తరవాత శ్రీను వచ్చి చెప్పాడు.

ఆ రోజు నుంచి నా పని రెండు విధాలుగా మారింది. డిటెక్టర్ చేతిలోకి తీసుకునే ముందు, రోగి వెంట వచ్చిన వాళ్లను బయటికి పిలిచి, ఆ మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అని అడుగుతాను. అందరికీ చెప్పే ఆ మాట కూడా ఇప్పుడు అక్కడితో ఆపను. చేతిలో బెల్ బుడ్డ, అంటే నొక్కితే మాకు గంట వినిపించే రబ్బరు బుడ్డ పెట్టి ఇలా చెబుతాను: "కదలొద్దమ్మా. కానీ మధ్యలో ఏడుపొస్తే ఆపుకోవద్దు. ఇది నొక్కండి, మిషన్‌లోంచి బయటికి తీస్తాం. ఏడ్చాక మళ్లీ మొదలుపెడదాం."

నొక్కుతారా అని కొత్తగా చేరిన వాళ్లు అడుగుతుంటారు. నొక్కుతారు. నేను అనుకున్న దానికన్నా ఎక్కువ మందే నొక్కుతారు.