మూడో ఫేజు కోసం తెచ్చిన మోటరు

ఇట్లా దగ్గరకు జరిగి కూకోండి. మా ఆయన మోటరు ఎంచుకున్న సంగతి చెప్తా. ఆయన తోటకు పోయినాడులే, నిదానంగానే చెప్పొచ్చు.

ఎనబైల్లో మాట ఇది. గార్లదిన్నె దిక్కు మా పల్లెలో కొంచెం మల్బరీ తోట పెట్టుకొని, నడిమింట్లో పట్టుపురుగులు సాకుతాంటిమి. ఒక ఎండాకాలం మా లైనులో ఒక ఫేజు పోయింది. ఇంట్లో లైటు వెలుగుతాది గానీ, బాయి మోటరు తిరగాలంటే మూడు ఫేజులూ కావల్ల. కరెంటాఫీసుకు పోయి అడిగితే "వస్తాది పోప్పా" అనేటోళ్లు. పురుగులేమో పొర విడిచే ఆఖరి నిద్ర లేచి, వాన పడినట్టు చప్పుడు చేస్తా మేస్తాండాయి. ఈ నాలుగు దినాలు ఆకు చాలకపోతే గూళ్లు కట్టవు, నెల కష్టం పెంటకు పోతాది. తోటలో ఆకు చూస్తే వాడి వేలాడతాండాది.

మా తమ్ముడు తాడిపత్రిలో కాలిన మోటర్లకు తీగ చుట్టేవాడు. వాడొక ఉపాయం చెప్పినాడు. ఇంకో మోటరు తెచ్చి, ఉన్న రెండు ఫేజులూ దానికిచ్చి, తాడుతో లాగి తిప్పితే, అది ఊరికే తిరుగుతా మూడో ఫేజు పుట్టిస్తాదంట.

"బాయి మోటరు అయిదు హెచ్‌పీ కదా బావా. అంతకన్నా పెద్దదే చూడు" అన్నాడు.

మా ఆయన తల ఊపినాడు. ఊపి, పోయి, మూడు హెచ్‌పీది బస్సు మీద వేసుకొని వచ్చినాడు. పచ్చరంగు పూసి, నిగనిగలాడతాండాది.

"పెద్దదెందుకు? నీళ్లు తోడేది లేదు, పిండి విసిరేది లేదు. ఉత్తగా తిరిగేదానికి ఇది చాల్దా?" అన్నాడు.

మా అత్త దాని చుట్టూ తిరిగి చూసి, "ఏమిరా, మోటరుకు పోయినావా, పెండ్లిచూపులకు పోయినావా?" అనింది.

"నీ కోడల్ని చూసి తెచ్చింది కూడా నేనే కదమ్మా."

"కోడల్ని ఎంచింది నేను. అందుకే పని చేస్తాండాది."

తాడు లాగితే పచ్చ మోటరు సయ్యిమని తిరిగింది. మా ఆయన మీసం దువ్వుకొని బాయి మోటరు స్టార్టరు నొక్కినాడు. బాయి మోటరు గుర్రుమని మూలిగింది గానీ కదల్లేదు. పచ్చది ఆ బరువు ఈడ్చలేక మందగించింది. స్టార్టరు ఠప్పున పడి కరెంటు ఆగిపోయింది. మళ్లా నొక్కినాడు, అదే కథ. కాలిన వాసన వచ్చేసరికి, "చాలప్పా, ఉన్నది కూడా కాలిస్తే కడవలతో మోయాల్సిందే" అని నేనే ఆపినా.

మరుసటి పొద్దున నేనూ వెంట పోయినా. ఆయన కండ్ల మీద నాకు నమ్మకం పోయింది మరి. మా తమ్ముడు బండలు పాలిష్ పట్టే చోటికి తీసుకపోయి ఒక మోటరు చూపించినాడు. ఏడున్నర హెచ్‌పీది. ఒళ్లంతా బండల దుమ్ము, సొట్టలు. చేత్తో తిప్పి, చెవి పెట్టి విని, "బేరింగులు బాగుండాయి. ఏం బావా, రంగు పూయించమంటావా?" అన్నాడు.

"పుయ్యరా, బొట్టు కూడా పెట్టు" అన్నాడు మా ఆయన, ఎటో చూస్తా.

దాన్నేసుకొని తమ్ముడూ మా వెంటే బాయి కాడికి వచ్చినాడు. తాడుతో లాగేదానికి ఆయనొక్కడి బలం చాల్లేదు. తాడు నేనూ పట్టుకున్నా. లాగిన ఊపుకు ఇద్దరమూ తోటకు నీళ్లు పారే ఎండిన కాలవలో ఎల్లకిలా పడితిమి. మా అత్త పైట అడ్డం పెట్టుకొని నవ్వుతాండంగనే తమ్ముడు స్విచ్ వేసినాడు. మోటరు తిరిగింది. బాయిది నొక్కితే, ఈసారి మూలగలేదు. మేము లేచే లోపలే కాలవలోకి నీళ్లు వచ్చి మమ్మల్ని తడిపేసినాయి.

తెల్లారి కోసిన ఆకు నిక్కి ఉండాది. పురుగులు కరకరా మేసి, చంద్రికలనే వెదురు తట్టలెక్కి గూళ్లు కట్టినాయి. చూసేదానికి వచ్చినోళ్లందరికీ మా ఆయన, "బాయిదానికన్నా పెద్దదే చూడాలప్పా, చిన్నదైతే ఈడ్చదు" అని చెప్తాంటే, పక్కనే నిలబడి మా తమ్ముడు, "బావ చెప్తే తిరుగుండదు" అంటాండె.

మీ బాయిలో ఊట తగ్గకూడదు, మీ పొయ్యి చల్లారకూడదు. మీ ఇంటిల్లిపాదీ ఇట్లే ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటా చల్లంగుండాల.