బావ తెప్పకు కట్టిన రాళ్ళు

మా బావకు నా చదువంటే మొదటినుంచీ పడదు. నేను ఓడల నిర్మాణం చదివాను. ఇప్పుడు తొరపాడిలో కంప్యూటరు ముందు కూచుని, ఎవరో ఎక్కడో కట్టే ఓడల నక్షలు దిద్దుతాను. ఏడాదిలో సగం రోజులు ఇసుకే పారే పాలారు నది పక్కన ఇది కొంచెం అనుమానించదగ్గ వృత్తే. గుడియాత్తంలో అక్కను చూడబోయినప్పుడల్లా బావ అడిగేవాడు: "ఏమప్పా, ఓడ యాడ నిలబెట్టినావు? బస్టాండులోనా?"

ఒక వానాకాలం నేను అక్కింట్లో ఉండగానే ఏరు పొంగింది. తెల్లారేసరికి వీధిలో తొడలదాకా నీళ్ళు. ఇంట్లో బావ నేసే మగ్గం గుంట ఊటనీళ్ళతో నిండిపోయింది. మిగిలింది లుంగీలకని నిలువు పోగులకు గంజి పట్టించి చుట్టి ఉంచిన ఒక్క పడుగు. అది తడిస్తే పోగులన్నీ అతుక్కుపోతాయి, మళ్ళీ మగ్గం ఆడేది ఎప్పుడో చెప్పలేం. దాన్ని వీధి చివర మిట్టమీది మేడకు చేర్చాలి. భుజాన మోద్దామంటే నీళ్ళ కింద కాలువ ఎక్కడుందో తెలియదు.

బావ తెప్ప కట్టాడు. మూతలు బిగించిన రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి, వాటిమీద పెరటి తలుపు, తలుపుమీద నడుమెత్తు బెంచీ, బెంచీమీద పడుగు పెట్టాలని. గంజి పడుగును కాళ్ళ దగ్గర పెట్టడం ఆ ఇంట్లో లేదు. ఎంత ఎత్తున పెడితే అంత మర్యాద.

"బోల్తా పడుతుంది బావా," అన్నాను.

"డ్రమ్ములు తేలతావుండాయి, కనబడలేదా?"

తేలడం వేరు, నిలబడడం వేరు. తెప్ప తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోస్తే చాలు, తేలుతుంది. నిలబడడానికి కిందనుంచి నీరు పైకి తోసే తోపుడు సాయం కావాలి. తెప్ప ఒరిగినప్పుడు తోపుడు ఒరిగిన వైపుకు జరిగి దాన్ని తిరిగి నిలబెట్టాలి. బరువు మరీ పైనుంటే ఆ తోపుడే పడదోస్తుంది. ఇదంతా నేను చాలా వినయంగా చెప్పాను. వినయం బావను ఇంకా మండించింది.

డ్రమ్ములు పక్కపక్కన ఎడంగా కట్టమన్నాను. "తడిసిన తాడు విప్పితే మళ్ళీ బిగించేదానికి మీ కాలేజీ రావాల," అని తానే బెంచీ ఎక్కి కూచున్నాడు. "చూడు!"

వీధంతా చూసింది. మేడలమీద జనం కదా. తెప్ప ఒక్క క్షణం ఆలోచించి బావను కుడివైపు దించేసింది.

నేను నవ్వలేదు. నవ్వలేదని ఈనాటికీ ఆయన నమ్మడు.

"మగ్గానికి బరువు కట్టే రాళ్ళు గోనెసంచుల్లో పోసి డ్రమ్ముల కింద వేలాడగడదాం," అన్నాను.

"మునిగిపోయేదానికి రాయి కట్టుకుంటారురా! తేలేదానికి కడతారా యాడైనా?"

"ఏమయ్యా, నీళ్ళు గడప దాటినాయి," అంది అక్క. "వాడు చెప్పినట్ల కట్టు. పడితే వాణ్ణి నేను చూసుకుంటా."

కట్టాం. తెప్ప లోతుగా దిగి, గోడలా నిలిచింది. బెంచీమీద పడుగు, మర్యాదకు లోటు లేకుండా. ఇద్దరం చెరోవైపు పట్టుకుని తోసుకుంటూ వెళ్ళాం. నేను కొద్దిగా ఈల కూడా వేశాను. అది పొరపాటు.

బావ ఇంటిముందు లారీలు నెమ్మదించాలని మునిసిపాలిటీతో కొట్లాడి వేయించుకున్న స్పీడ్ బ్రేకర్ ఒకటుంది. నీళ్ళ కింద అది నాకు గుర్తు లేదు. రాళ్ళు దానికి తగిలి తెప్ప ఆగింది, పడుగు ముందుకు జారింది. ఓడ అడుగు ఎంత లోతుకు దిగుతుందో, కింద ఎంత నీళ్ళున్నాయో చూసుకోవడం మొదటి పాఠం. నేను రెండోదాన్నుంచి మొదలుపెట్టాను.

బావ ఒక్క ఉరుకులో పడుగు కింద భుజం పెట్టాడు.

"ఈల వేసుకుంటా నిలబడతావా? రాళ్ళు కొయ్యరా!"

నేను నీళ్ళలోకి వంగి ముందు సంచీ తాడు విప్పాను, బరువు తగ్గి తెప్ప కాస్త పైకి లేచింది. తక్కిన సంచులు ఆ స్పీడ్ బ్రేకర్ గట్టు దాటేదాకా ఆయన భుజం తీయలేదు.

పడుగు మేడమెట్లు ఎక్కేదాకా ఒక్క పోగు తడవలేదు. అక్క దానిమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. బావ నా వైపు చూడకుండా ఆమెతో అన్నాడు:

"ఆ గట్టుకాడ పడిన నా రాళ్ళు ఎవురు తెచ్చి పెడతారో, మీ తమ్ముణ్ణి అడుగు."

నీళ్ళు తీశాక నేనే తెచ్చి పెట్టాను. లెక్కకు ఒకటి తక్కువంటున్నాడు, ఇప్పటికీ అక్క ద్వారానే.