పాప మడమ మీద పొర

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ ఏడాది మా పాపకు నాలుగేళ్లు. మడమలో తుమ్మముల్లు దిగి పుండయింది. చేవెళ్ల దవాఖానలో డాక్టరు పెన్సిలిన్ సూదులు వేయించాడు. జ్వరం తగ్గింది గానీ పుండు మానలేదు. దాని మీద బియ్యం కడుగు రంగులో జిగురు పొర కట్టేది. నేను స్పిరిట్‌తో తుడిచేదాన్ని. పాప గుక్కపట్టి ఏడ్చేది. తెల్లారేసరికి మళ్లీ అదే పొర.

"ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతలేదమ్మా. ఎముకకు పాకకముందే పట్నం తీసుకపో" అన్నాడు డాక్టరు.

బస్సెక్కాం. మొయినాబాద్‌లో విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి కూర్చున్నారు. ఇక ముందుకు పోదని డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. పాపను ఎత్తుకుని ఆ ఊళ్లోనే ఉన్న మా చిన్నత్త ఇంటికి నడిచాను. ఆమె మిషన్ దవాఖానలో నర్సుగా చేసి మానేసింది. కట్టు విప్పి చూసి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, అలమరలోంచి తేనె సీసా తీసింది.

తీపి దొరికితే క్రిములు ఇంకా పెరుగుతాయని బీఎస్సీలో చదువుకున్నదాన్ని. అదే అన్నాను.

"తేనె మురుగంగ ఎన్నడన్న చూసినవా?" అంది చిన్నత్త. "తగ్గుతదని నేనైతే రాసియ్య బిడ్డ. బస్సు నడిచేదాక ఊకె కూసునుడెందుకు? సూదులు రాకముందు మేం గిదే పెట్టేటోళ్లం."

తేనె పూసిన గుడ్డతో కట్టు కట్టి, చీమలు పట్టకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టింది. కాలికి తేనె పూశారని తెలిసి పాప, జర నాకి చూస్తానని బతిమాలింది.

"ముందుగాల చీమలను అడుగు" అంది చిన్నత్త.

మొదటిసారి కట్టు మార్చినప్పుడు పొర అట్లాగే ఉంది. పాప కాలితో పందెమాడుతున్నానేమోనని రోడ్డు దాకా వెళ్లి బస్సుల సంగతి అడిగి వచ్చాను. తర్వాత ఒక పొద్దున గుడ్డ లాగితే, గుడ్డు పెంకు లోపలి పొరలాగా ఆ జిగురంతా దానితోపాటే లేచి వచ్చింది. కింద ఎర్రటి, శుభ్రమైన మాంసం. చిన్నత్త మళ్లీ తేనె సీసా మూత తీసింది.

కాలేజీలో సూక్ష్మదర్శిని కింద క్రిములను విడివిడి చుక్కల్లా చూశాను. అవన్నీ ఒక్కచోట చేరి, పైన కప్పు వేసుకుని కాపురం పెట్టగలవని నాకు ఎవరూ చెప్పలేదు. సూది మందును ఆపింది ఆ కప్పేనేమో. నేను ఎంత తుడిచినా నిలిచిన దాన్ని తేనెటీగలు పువ్వు పువ్వు తిరిగి కూడబెట్టిన తేనె మెల్లగా సడలించింది. అది తీపి బలమా, పువ్వులదా, ఈగ నోటిదా? నాకు తెలియదు. వెచ్చటి ఇరుకు తేనెపట్టులో అన్ని పిల్లలను కుళ్లకుండా పెంచే ఈగలను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బస్సులు నడవగానే పట్నం వెళ్లాం. అక్కడి డాక్టరు మడమను అన్ని వైపులా గట్టిగా నొక్కుతూ పోయాడు. ఎముకకు పాకి ఉంటే నొక్కగానే ఏడుస్తుందని చెప్పి, సరిగ్గా ఎముక మీద నొక్కాడు. పాప కితకితలకు నవ్వింది.