భిక్షపతి లామినేషన్ చేయించిన నోటు

నిన్న పొద్దున నాచారం నుంచి ఫోన్. "భిక్షపతి బావ పోయిండు అన్నా," అన్నాడు వాడి బామ్మర్ది. హార్ట్ ఎటాక్ అట.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే మేమిద్దరం పనిచేసే చర్లపల్లి కంపెనీ నుంచి వాడి బండి మీద వచ్చాను. ఎప్పటిలాగే నాచారంలో సొంత ఇల్లు దాటి వచ్చి మరీ నన్ను ఉప్పల్‌లో దింపాడు.

ఏడుస్తూ వెళ్లాను. కోపంతో తిరిగొచ్చాను.

మా డాలర్ నోటు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇద్దరం కలిసి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత డిక్షనరీలో దొరికింది. ఒకప్పుడు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా తమ పేరుతో నోట్లు వేసేవట.

పెద్ద సిటీ బ్యాంకు నోటైతే మామూలు రేటు. చిన్న ఊరిదైతే ఎక్కడోగాని మిగలదు కాబట్టి కలెక్టర్లు ఎగబడతారు. జిల్లా కలెక్టర్లు కాదు, పాత నోట్లు సేకరించేవాళ్లు.

మాది చిన్న ఊరిదే. బ్యాంకు ఆఫీసర్ ఇంకుతో పెట్టిన సంతకం కూడా చెరగలేదు.

కోఠీలో ఒక డీలర్ కొంటానన్నాడు. నా వాటాతో ఉద్యోగం మానేసి ఉప్పల్‌లో వెల్డింగ్ షాపు పెట్టాలని నా ప్లాన్.

తీరా అమ్మే రోజు వీడు నోటుకు లామినేషన్ చేయించి తెచ్చాడు. రేషన్ కార్డుకు చేయించినట్టు.

"ఖరాబ్ గాకుండ ఉంటదని జేయించిన బావా."

డీలర్ చేత్తో కూడా ముట్టుకోలేదు. వేడికి ప్లాస్టిక్ అతుక్కున్న నోటు ఎవరూ కొనరన్నాడు.

బయటికొచ్చాక వీడు ఒకటే ఏడుపు. షాపు పోయింది నాది, ఓదార్చింది కూడా నేనే. చాయ్ తాగించాను. పాపం తెలియక చేశాడని అందరికీ చెప్పాను.

నిన్న వాడి భార్య రేణుక నన్ను పక్కకు పిలిచింది.

"ఆయనకు అంతా ఎరికే అన్నా. షాపు పెడితే నువ్వు కంపెనీ ఇడిసిపెట్టి పోతవని, కావాలనే జేయించిండు. నీకు చెప్పనీకె మస్తు భయపడ్డడు."

కావాలనే.

రోజూ నీ వెనకే బండి మీద కూర్చున్నాను కదరా. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆ రోజు ఏడ్చింది కూడా యాక్టింగేనా? ఇప్పుడు ఎవర్ని అడగాలి?

మోసం చేశావురా. ఇంకో మాట దొరకట్లేదు నాకు.

ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ షాపు మనిద్దరికీ అనుకున్నాను. నోటు అమ్ముడుపోయాక చెప్పి సర్‌ప్రైజ్ చేద్దామని ఆగాను.

పోయిరా బావా. నాకు మనశ్శాంతి లేకుండా చేశావు. నీకైనా ఉండాలి.