వేలితో నవ్విన వార్తలక్క

మా పిన్ని ముప్పై నాలుగేళ్ళు రేడియోలో వార్తలు చదివింది. అన్నేళ్ళలో మైకు ముందు ఒక్కసారీ దగ్గలేదు, తుమ్మలేదు, నవ్వలేదు. వీధిలో అందరికీ ఆవిడ వార్తలక్క. "కూర్చోండమ్మా" అన్నా సరే, జనం సర్దుకుని నిటారుగా కూర్చునేవాళ్ళు.

ఆవిడ ప్రాణం మాత్రం, సొంత సెట్టుతో దూరాల వాళ్ళతో ముచ్చటించుకునే హామ్ రేడియోలో ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, స్టేషన్ ఇంజనీరు ఒకాయన భోజనాల వేళ సొంత సెట్టు పెట్టుకుని, ఎక్కడో లైట్‌హౌస్‌లో పనిచేసే మనిషితో కబుర్లాడడం చూసింది. తను మాట్లాడితే లక్షలమంది వింటారు, ఒక్కరూ బదులు పలకరు. ఈయనకి బదులొస్తోంది! అంతే, పిచ్చి పట్టుకుంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది.

ఏరియల్ తీగని పుస్తకంలో కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించి మేడమీద కట్టింది. సెట్టులో ఉలుకూ పలుకూ లేదు. మా బాబాయి దర్జీ. మెడలో టేపు తీసి కొలిచి చూశాడు.

"ముందు నాలుగంగుళాలు ఎక్కువే వదలాలి. తొడిగి చూసుకుంటూ తగ్గించాలి. పొట్టిగా కత్తిరించాక ఎవడేం చేస్తాడు?" అన్నాడు.

కొత్త తీగ ఆయనే కత్తిరించాడు. మొదటి మనిషి దొరికాడు. పిన్ని అలవాటుకొద్దీ గొంతు సవరించుకుని నాలుగు నిమిషాలు ఏకబిగిన మాట్లాడింది. మాట్లాడేటప్పుడు నొక్కిన బటను, వినడానికి వదలాలి. ఆవిడ వదిలితేగా? చివరికి బాబాయే వచ్చి ఆవిడ బొటనవేలు పైకెత్తాడు.

"అమ్మా, వార్తలు ఇంతటితో సమాప్తమా?" అంది అవతలి గొంతు.

రిటైరైన రెండో నెల్లో పిన్ని గొంతు బొంగురుపోయింది. డాక్టరమ్మ చూసి, స్వరపేటికలో చిన్న బుడిపె ఉంది, ఆరు వారాలు గుసగుస కూడా వద్దంది. వార్తలక్కకి నోటికి తాళమా అని నాకు మనసాగలేదు. సెలవు పెట్టి పరుగెత్తాను.

తలుపు తీసిన బాబాయిని, "ఏడుస్తోందా?" అనడిగాను.

"నువ్వే చూడు" అన్నాడు.

లోపల పిన్ని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టెలిగ్రాఫు మీట మీద వేలుంచి, భుజాలు కదిలిపోతుంటే చప్పుడు లేకుండా నవ్వుతోంది. నన్ను చూసి పలక మీద రాసింది: "పొద్దుట్నుంచి ఎనిమిదిమందితో మాట్లాడాను."

నోరు కట్టేస్తేనేం, చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్స్ కోడ్‌కి వేలు చాలు. అవతల ఒక పడవ నడిపే ఆయన. తన ఏరియల్‌ని మేక నమిలేసిందట. పిన్ని మీటని టకటకా కొట్టింది. నాలుగు చుక్కలు, కాస్త ఆగి రెండు చుక్కలు.

"అదేంటి?" అన్నాను.

"నవ్వు" అని రాసింది. "హామ్‌లందరం ఇలాగే నవ్వుకుంటాం."

ఆ ఆరు వారాలూ ఆవిడ నేలమీద నడవలేదు. జీవితమంతా ఎవరో రాసిచ్చిందే చదివిన మనిషి, ఇప్పుడు మేకల గురించీ మోకాళ్ళ గురించీ నోటికొచ్చిందల్లా, కాదు, వేలికొచ్చిందల్లా వాగింది. "నా గొంతు వింటే అందరూ నిటారుగా కూర్చుంటారు. ఇక్కడ ఎవరూ అలా కూర్చోరు" అని పలక నిండా రాసి నాకు చూపించింది.

గడువు తీరాక డాక్టరమ్మ, "బుడిపె కరిగిపోయింది. ఇక హాయిగా మాట్లాడండి" అంది.

పిన్ని తల అడ్డంగా ఊపి చీటీ అందించింది: "ఇంకో వారం పొడిగించండి."

డాక్టరమ్మ బాబాయి వైపు చూసింది. "రాసిచ్చెయ్యండి డాక్టరుగారూ, నాకూ కాస్త విశ్రాంతి" అన్నాడాయన.

ఆ వారమూ గడిచింది. గొంతు తిరిగొచ్చింది, మునుపటికన్నా కాస్త మెత్తగా. కానీ కబుర్లన్నీ వేలితోనే. రోజంతా ఏం చెబుతోందో, తన గురించేమైనా చెబుతోందేమో అని బాబాయికి అనుమానం మొదలైంది. చెప్పాపెట్టకుండా మోర్స్ నేర్చుకోవడం మొదలెట్టాడు. కుట్టుమిషను దగ్గర చొక్కా కాలరు కుడుతూ అక్షరాలు లెక్కపెట్టేవాడు. రెండు కాలర్లు తిరగేసి కుట్టాడు కూడా.

మూడు నెలలకి ఒక సాయంత్రం, పిన్ని వెనక నిలబడి, మీట టకటకలు వింటూ మొదటిసారి ఒక వాక్యం పూర్తిగా అర్థం చేసుకున్నాడు: "మావారు మంచి దర్జీ. వాగుడు మాత్రం ఎక్కువ."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"కాస్త జరుగు. ఆ అవతలాయనకి నేనూ ఓ మాట చెప్పుకోవాలి" అన్నాడు.